అమ్మ సిలువ మెడలో ఉంటే విగ్రహారాధన అవుతుందా?

ప్రశ్న: పేరు రాయవద్దని కోరిన ఒక పాఠకురాలి ఉత్తరం ఇది. చాలా పొడవైనది కాబట్టి సారాంశం ఇస్తున్నాను. ఆమె కతోలిక కుటుంబంలో పుట్టి పెరిగారు. నర్సుగా పనిచేస్తున్నారు. పన్నెండేళ్ల క్రితం పెంతెకోస్తు సంఘానికి చెందిన ఇంటికి కోడలిగా వెళ్లారు. పెళ్లయినప్పటి నుంచి భర్తతో కలిసి ఆ సంఘానికే వెళ్తున్నారు. అక్కడి ప్రార్థనలు, పాటలు తనకు ఇష్టమేనని రాశారు. రెండేళ్ల క్రితం ఆమె తల్లి ఆస్పత్రిలో చనిపోయారు. తల్లి మెడలోంచి తీసిన వెండి గొలుసును, దానికున్న చిన్న సిలువను ఒక కవర్లో పెట్టి ఈమె చేతికిచ్చారు. ఆ రోజు నుంచి అది ఈమె మెడలోనే ఉంది. సిలువ మీద క్రీస్తు రూపం ఉంది. తల్లి ప్రార్థన చేసుకుంటూ బొటనవేలితో రుద్దీ రుద్దీ ఆ ముఖం అరిగి నున్నగా అయిపోయిందట.

గొడవ ఆ సిలువతోనే మొదలైంది. అత్తగారు మొదట్లో "ఆ బొమ్మ తీసెయ్యమ్మా" అని మెల్లగానే చెప్పారు. తర్వాత స్త్రీల కూడికలో అందరి ముందూ "మా ఇంట్లో ఉన్న విగ్రహం పోయేట్టు ప్రార్థించండి" అన్నారు. ఆ తర్వాతి ఆదివారం పాస్టర్ గారు పేరెత్తకుండా, విగ్రహాలు చేసుకోవద్దనే రెండో ఆజ్ఞ మీద ప్రసంగం చేశారు. భర్త మంచివారే. కానీ ఆయన మాట కూడా "తీసేస్తే పోయేదేముంది, గొడవ వదిలిపోతుంది. కావాలంటే బొమ్మ లేని ఉత్త సిలువ కొనిపెడతాను" అనే. డ్యూటీలో వార్డు నిబంధన ప్రకారం గొలుసు తీసి జేబులో పెట్టుకుంటారు. అలా తీసిన ప్రతిసారీ క్రీస్తును ఎరుగనన్నట్టు అవుతుందేమోనని ఒక బాధ. ఒకరోజు గొలుసు ఇంట్లో మరిచిపోయి వెళ్తే రోజంతా చేతులు వణికాయి, తన రోగుల్లో ఎవరికో ఏదో జరుగుతుందని ఒకటే టెన్షన్. "అత్తగారు అన్నదే నిజమా? నేను నమ్ముతున్నది దేవుణ్నా, వెండిముక్కనా?" అని అడుగుతున్నారు. ఇవి చాలవన్నట్టు పదేళ్ల కూతురు "అమ్మమ్మ సిలువ నాకిస్తావా?" అని అడుగుతోంది. ఆ పిల్లకే నానమ్మ "అది వేసుకుంటే దేవుడికి కోపం వస్తుంది" అని చెప్పారు.

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరంలో రెండు ప్రశ్నలు పెనవేసుకుపోయి ఉన్నాయి. విశ్వాసి ఇలాంటిది మెడలో వేసుకోవచ్చా అన్నది మీ అత్తగారి ప్రశ్న. ఇది మెడలో లేకపోతే నాకెందుకింత భయం అన్నది మీ ప్రశ్న. మొదటిదాని గురించి బైబిల్లోనూ సంఘ చరిత్రలోనూ చెప్పుకోవలసింది చాలా ఉంది. ఇంట్లో మాట్లాడటానికి మీకు ఆ వివరం కావాలి కాబట్టి దానితోనే మొదలుపెడతాను. కానీ నన్ను ఎక్కువ ఆలోచనలో పడేసింది రెండోదే. అత్తగారి మాటకు ఎంత మంచి జవాబు దొరికినా దానితో మీ చేతుల వణుకు ఆగదు.

ఒక గుర్తును ఒంటిమీద ధరించమని దేవుడే చెప్పిన సందర్భం బైబిల్లో ఉంది. ఇశ్రాయేలీయులు తమ బట్టల అంచులకు కుచ్చులు పెట్టుకోవాలనీ, వాటిలో నీలి దారం ఉండాలనీ, చూసినప్పుడల్లా ఆజ్ఞలు గుర్తుకు రావాలనీ సంఖ్యాకాండం 15వ అధ్యాయం చెబుతుంది. మనిషి మరిచిపోతాడు, కంటికి కనబడేది ఏదైనా ఉంటే గుర్తుపెట్టుకుంటాడు. దేవుడు ఆ బలహీనతను చిన్నచూపు చూడలేదు. ఆ కుచ్చుల్నే కొందరు తర్వాత పెద్దవిగా చేసుకుని నలుగురిలో భక్తి ప్రదర్శిస్తుంటే యేసు తప్పుపట్టారు. మత్తయి సువార్త 23వ అధ్యాయంలో ఆ మాట ఉంది. వాక్యాలు రాసి ఒంటికి కట్టుకునే రక్షరేకులు వెడల్పుగా చేసుకునేవారిని కూడా ఆయన అక్కడే మందలించారు. అయితే అదే సువార్త 9వ అధ్యాయంలో, పన్నెండేళ్లుగా రక్తస్రావంతో బాధపడుతున్న స్త్రీ వెనుకనుంచి వచ్చి ఆయన వస్త్రపు చెంగునే ముట్టుకుంది. ఆయన ఆమెను కోప్పడలేదు. ఆమె చెయ్యి తోసెయ్యలేదు. నీ విశ్వాసం నిన్ను బాగుచేసింది అన్నారు. బట్ట వల్ల బాగుపడ్డావని ఆమె అనుకోకుండా ఆ ఒక్కమాటతో సరిచేశారు, ఆమెను చిన్నబుచ్చకుండా. మీ పరిస్థితికి ఇంతకంటే దగ్గరగా వచ్చే ఘట్టం నాకు కనబడలేదు.

మీ అత్తగారి వైపున కూడా బలమైన ఆధారం ఉంది. దాన్ని తేలిగ్గా తీసుకోకండి. అరణ్యంలో పాములు కరిచినవారు చూసి బతకడానికి మోషే ఇత్తడి సర్పాన్ని చేశాడు. చేయమన్నది దేవుడే. కొన్ని వందల ఏళ్ల తర్వాత జనం దానికి ధూపం వేస్తుంటే హిజ్కియా రాజు దాన్ని ముక్కలు చేశాడు. రాజుల రెండో గ్రంథం 18వ అధ్యాయం అతన్ని మెచ్చుకుంటూనే ఈ సంగతి చెబుతుంది. అంటే దేవుడు ఇచ్చిన గుర్తు కూడా చెడిపోగలదు. మందసం, అంటే దేవుడి ఆజ్ఞల పలకలున్న పవిత్రమైన పెట్టె, దాని సంగతి ఇంకా కఠినమైనది. ఫిలిష్తీయుల చేతిలో ఓడిపోయిన ఇశ్రాయేలు పెద్దలు, మందసాన్ని యుద్ధానికి మోసుకుపోతే అదే కాపాడుతుందనుకున్నారు. షిలోహు నుంచి తెప్పించారు. ఈసారి ముప్పై వేలమంది కూలిపోయారు, మందసం శత్రువుల పాలైంది. మనసు మార్చుకోకుండా పవిత్ర వస్తువును మాత్రం వెంట మోసుకుపోవడం ఎలా ఉంటుందో సమూయేలు మొదటి గ్రంథం 4వ అధ్యాయం చదివితే తెలుస్తుంది. మీ అత్తగారి భయం ఇదే అయితే అది గౌరవించదగిన భయం.

కాకపోతే ఇత్తడి సర్పానికి జనం ధూపం వేశారు, దాన్ని దేవుడి స్థానంలో నిలబెట్టారు. మీరు ఆ వెండి రూపానికి ప్రార్థన చేస్తున్నారా? అది వింటుందనుకుంటున్నారా? మీ ఉత్తరంలో అలాంటి మాట ఒక్కటీ లేదు. మెడలో సిలువ కనబడగానే విగ్రహారాధన అనేయడం తొందరపాటు తీర్పు.

సంఘ చరిత్రలోకి వస్తే, తొలి తరాల క్రైస్తవులు మెడలో సిలువ వేసుకుని తిరిగిన దాఖలాలు దాదాపు కనబడవు. సిలువ అప్పటికి రోము ప్రభుత్వం దోషుల్ని చంపే కొయ్య, చూస్తేనే వణుకు పుట్టే వస్తువు. రెండో శతాబ్దం చివర్లో అలెగ్జాండ్రియాకు చెందిన క్లెమెంటు అనే క్రైస్తవ బోధకుడు, విశ్వాసులు ముద్ర ఉంగరాల మీద ఎలాంటి బొమ్మలు చెక్కించుకోవచ్చో చెబుతూ పావురం, చేప, ఓడ, వీణ, లంగరు అంటాడు. ఆ జాబితాలో సిలువ లేదు. దాన్నిబట్టి రెండు సంగతులు తెలుస్తాయి. గుర్తులు ధరించడం మొదటినుంచీ ఉంది. మెడలో సిలువ లేకపోయినంత మాత్రాన ఎవరి విశ్వాసానికీ లోటు రాలేదు.

తర్వాతి శతాబ్దాల్లో ఒక స్త్రీ ఉంది. ఆమె గురించి మీకు వివరంగా చెప్పాలనిపిస్తోంది. పేరు మక్రీనా. బాసిలు, నిస్సా గ్రెగొరీ అనే ఇద్దరు గొప్ప బిషప్పులకు అక్క. 379లో చనిపోయింది. ఆమె జీవితాన్ని గ్రెగొరీయే రాశాడు. సమాధికి సిద్ధం చేస్తుండగా వెతియానా అనే విధవరాలు ఆమె మెడ దగ్గర చెయ్యిపెట్టి చూస్తే సన్నని తాడుకు కట్టిన ఇనుప సిలువ ఒకటి, ఇనుప ఉంగరం ఒకటి బయటపడ్డాయి. రెండూ ఆమె గుండెకు ఆనుకుని ఉండేవి. ఈ ఆస్తిని మనిద్దరం పంచుకుందాం, సిలువ నువ్వు ఉంచుకో, ఉంగరం నాకు చాలు అన్నాడు తమ్ముడు. ఆ ఉంగరంలో క్రీస్తు సిలువ కొయ్య తునక ఉందని వెతియానాయే అతనికి చెప్పింది. పదహారు వందల ఏళ్ల క్రితం కూడా చనిపోయిన మనిషి మెడలోంచి తీసిన సిలువను, ఆమెను ప్రేమించినవాళ్లు ఇలాగే దాచుకున్నారు. బంగారం కాదు, ఇనుము. నలుగురికీ కనబడేట్టు కాదు, దుస్తుల లోపల. మీరు చేస్తున్నది కొత్త సంగతి ఏమీ కాదు.

అదే శతాబ్దంలో యోహాను క్రిసోస్తం అనే ప్రసంగీకుడు, సువార్త ప్రతుల్ని మెడలో వేలాడదీసుకునే స్త్రీలను ప్రస్తావించి, సువార్తను మనసులో రాసుకోవాలి కదా అని హెచ్చరించాడు. అంటే ప్రేమతో ధరించినవారూ అప్పుడే ఉన్నారు, జాగ్రత్త చెప్పినవారూ అప్పుడే ఉన్నారు.

ఇక మీ పుట్టింటి సభ, మెట్టినింటి సంఘం ఎక్కడ విడిపోయాయో చూద్దాం. 1563లో ఒకే ఏడాది రెండు వైపులా మాట తేల్చి చెప్పారు. ప్రొటెస్టెంట్ల వైపు నుంచి వచ్చిన హైడెల్బెర్గ్ ప్రశ్నోత్తరావళి, జనానికి బోధించే పేరుతో కూడా గుళ్లలో బొమ్మలు ఉంచకూడదంది. కతోలికుల త్రెంతు మహాసభ బొమ్మలు ఉండవచ్చంటూనే, వాటిలో ఏ దైవత్వమూ శక్తీ లేవనీ, వాటిని ఏదీ అడగకూడదనీ, వాటిమీద నమ్మకం పెట్టుకోకూడదనీ, వాటికి చేసే గౌరవం అవి ఎవరిని చూపిస్తాయో వారికే చెందుతుందనీ చెప్పింది. 1992లో వచ్చిన కతోలిక శ్రీసభ సత్యోపదేశ గ్రంథం ఇంకా సూటిగా, తాయెత్తులు ధరించడం తప్పంటుంది. మనసు లేకుండా పైపైన చేసే పనికే ఫలితం ఉందనుకోవడాన్ని మూఢనమ్మకం అంటుంది. కాబట్టి మీ అత్తగారు దేన్ని తప్పంటున్నారో, దాన్ని మీ అమ్మగారి సభ కూడా తప్పే అంటుంది. సిలువను తాయెత్తుగా వాడకూడదన్న విషయంలో రెండిళ్ల మధ్య తగాదా లేదు. ఇది మీ అత్తగారికి తెలిసి ఉండకపోవచ్చు. మీరు చెబితే కొంత మెత్తబడవచ్చు.

మీ వారు అన్న "బొమ్మ లేని సిలువ" సంగతి. ప్రొటెస్టెంట్ సంఘాలు ఎక్కువగా ఖాళీ సిలువనే వాడతాయి, క్రీస్తు లేచాడని చెప్పడానికి. కతోలికులు ఆయన రూపం ఉంచుతారు, ఆయన పడ్డ బాధను మరవకుండా ఉండటానికి. పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలోనే, మేము సిలువ వేయబడిన క్రీస్తును ప్రకటిస్తున్నామని మొదటి అధ్యాయంలో ఉంది, క్రీస్తు లేవకపోతే మీ విశ్వాసం వ్యర్థమని పదిహేనో అధ్యాయంలో ఉంది. రెండిట్లో ఏదీ ఇంకోదాన్ని కొట్టెయ్యదు. మీ వారు మంచి మనసుతోనే అన్నారు. కానీ కొత్త సిలువ కొన్నంత మాత్రాన మీ సమస్య తీరదు. మీరు పట్టుకుని ఉన్నది అమ్మ బొటనవేలు అరగదీసిన దాన్ని. అది ఏ దుకాణంలోనూ దొరకదు.

పైగా మీ అత్తగారి అభ్యంతరం అసలు దేనిమీద? ఆ సంగతి మీరు స్పష్టంగా అడిగినట్టు ఉత్తరంలో లేదు. కొన్ని సంఘాల్లో ఏ నగా పెట్టుకోరు. పేతురు మొదటి పత్రిక 3వ అధ్యాయంలో స్త్రీల అలంకారం బంగారు నగలు కాదు, సాధువైన మనసే అన్న మాటను అక్షరాలా పాటిస్తారు. ఆమెది ఆ అభ్యంతరమైతే ఖాళీ సిలువకూ ఆమె ఒప్పుకోరు. రూపం మీదే అభ్యంతరమైతే ఒప్పుకోవచ్చు. ఈ రెండూ కాక మూడోది ఒకటి ఉండవచ్చు. చాలా ఇళ్లలో అసలు సంగతి అదే అవుతుంది: కోడలు మళ్లీ పుట్టింటి సభకు వెళ్లిపోతుందేమో, మనవరాలిని కూడా తీసుకుపోతుందేమో అన్న భయం. అమ్మ పోయాక మీరు ఆ సిలువ వేసుకోవడం మొదలుపెట్టారు కాబట్టి ఆమెకు అలా అనిపించడంలో ఆశ్చర్యం లేదు. ఆ భయాన్ని వాక్యాలతో జయించలేరు. "అత్తయ్యా, నేను ఎక్కడికీ వెళ్లడం లేదు, ఇది అమ్మ గుర్తు, దీనికి నేను ప్రార్థన చేయను, చేసేది ప్రభువుకే" అని ఒక్కసారి దగ్గర కూర్చుని చెప్పండి. బహుశా ఇన్నాళ్లూ ఆమె వినాలనుకున్నది ఇదే కావచ్చు.

కూడికలో అందరి ముందూ మీ గురించి అలా అనడం మాత్రం తప్పే. ప్రార్థన విన్నపం పేరుతో ఇంటి మనిషిని నలుగురిలో నిలబెట్టకూడదు. నీ సహోదరుడి తప్పు కనబడితే ముందు అతనితో ఒంటరిగా మాట్లాడమని మత్తయి సువార్త 18వ అధ్యాయంలో యేసే చెప్పారు. ఈ సంగతి మీరు చెబితే ఎదురు మాట్లాడినట్టు ఉంటుంది. మీ వారు చెప్పాలి. గొలుసు తీసేయమని మీతో చెప్పినంత తేలిగ్గా ఆయన వాళ్లమ్మగారితో ఈ ఒక్కమాట చెప్పగలగాలి. ఆయన మంచివారని రాశారు కాబట్టి ఇది అడగండి.

ఇప్పుడు మీ ప్రశ్నకు వస్తాను.

గొలుసు మరిచిపోయిన రోజు మీకు కలిగిన భయం ఏమిటో మీరే రాశారు: రోగుల్లో ఎవరికో ఏదో జరుగుతుందని. మీ గురించి కాదు, ఇంట్లోవాళ్ల గురించి కాదు, రోగుల గురించి. మీ అమ్మగారు పోయింది ఆస్పత్రిలో. ఆమె ప్రాణం పోయాకే ఆ గొలుసు మెడలోంచి తీశారు, కవర్లో పెట్టి మీ చేతికిచ్చారు. మీరు పనిచేసేది ఆస్పత్రిలోనే. ప్రతి డ్యూటీకీ ముందు మీరు చేసేది కూడా అదే పని, ఆస్పత్రిలో మెడలోంచి అదే గొలుసు తియ్యడం. అది మెడలోంచి రావడానికీ ఒక ప్రాణం పోవడానికీ మీ మనసు ముడి వేసుకున్నట్టుంది. నేను డాక్టర్ని కాను, మీ ఉత్తరాన్నిబట్టే చెబుతున్నాను, కానీ ఆ వణుకులో నాకు విగ్రహారాధన కంటే తీరని దుఃఖమే కనబడుతోంది. రెండేళ్లయింది కదా అని ఎవరైనా అంటే పట్టించుకోకండి. దుఃఖానికి గడువు ఉండదు.

అయినా దీన్ని ఇలాగే వదిలేస్తే ముదురుతుంది. "ఇది ఉంటేనే క్షేమం" అనే మాట మనసులో స్థిరపడితే, అమ్మ జ్ఞాపకంగా వచ్చిన వస్తువే నిజంగా తాయెత్తు అయిపోతుంది. మీరు భయపడుతున్నది దానికే, ఆ భయం సరైనదే. "నేను నమ్ముతున్నది దేవుణ్నా, వెండిముక్కనా?" అని అడిగారంటే మీ విశ్వాసం మేలుకునే ఉంది. తాయెత్తును నమ్మేవాళ్లు ఆ ప్రశ్న వేసుకోరు.

డ్యూటీకి ముందు తీసేటప్పుడు గబగబా తీసి జేబులో వేసుకోకండి. ఒక్క నిమిషం అరచేతిలో పెట్టుకుని, ఈ రోజు మీ చేతికి వచ్చే రోగుల్ని ప్రభువుకు అప్పగించండి. అమ్మ పేరు కూడా చెప్పుకోవాలనిపిస్తే చెప్పుకోండి. ఆ తర్వాతే జేబులో పెట్టండి. మధ్యలో చెయ్యి మెడ దగ్గరికి పోయినప్పుడు అక్కడ గొలుసు ఉండదు, అప్పుడు చిన్న ప్రార్థన ఒకటి అనుకోండి. మీకు చిన్నప్పటినుంచీ అలవాటున్న సిలువ గురుతు వేసుకున్నా సరే. మూడో శతాబ్దం మొదట్లోనే తెర్తుల్లియను అనే క్రైస్తవ రచయిత, ఇంట్లోకి వచ్చినా బయటికి వెళ్లినా, బట్టలు కట్టుకున్నా, దీపం వెలిగించినా తాము నుదుటిమీద ఆ గురుతు వేసుకుంటామని రాశాడు. ప్రొటెస్టెంట్ ఉద్యమాన్ని మొదలుపెట్టిన లూథరు కూడా 1529లో రాసిన చిన్న ప్రశ్నోత్తరావళిలో పొద్దున లేవగానే, రాత్రి పడుకునేముందు అలా వేసుకోమన్నాడు. దానికి వెండీ అక్కర్లేదు, ఇనుమూ అక్కర్లేదు. మీ సంఘంలో అది కొత్తగా అనిపిస్తే మనసులోనే అనుకోండి.

వార్డులో తీయడం క్రీస్తును ఎరుగననడం కానే కాదు. ఆ బరువు ఈ రోజే దించెయ్యండి. 17వ శతాబ్దం నుంచి జపానులో అధికారులు క్రైస్తవుల్ని పట్టుకోవడానికి క్రీస్తు బొమ్మనో మరియ బొమ్మనో కిందపెట్టి తొక్కమనేవారు. తొక్కనివారిని శిక్షించేవారు. అది విశ్వాసాన్ని వదులుకోమని బలవంతపెట్టడం. మీ వార్డు నిబంధన అలాంటిది కాదు. గొలుసును రోగి పట్టుకుని లాగవచ్చు, వంగినప్పుడు సిలువ పుండుకు తగలవచ్చు. యూరప్ మానవ హక్కుల న్యాయస్థానం 2013 జనవరిలో ఈ తేడానే చూసింది. సిలువ కనబడేట్టు వేసుకోనివ్వని విమాన సంస్థ మీద ఒక ఉద్యోగిని వేసిన కేసులో ఆమె పక్షాన తీర్పు చెప్పింది. అదే తీర్పులో, వార్డులో సిలువ గొలుసు తీయమన్న ఆస్పత్రి మీద ఒక నర్సు చేసిన ఫిర్యాదును మాత్రం అంగీకరించలేదు. రోగుల భద్రత సంగతి ఆస్పత్రివారికే బాగా తెలుస్తుందంది. రోగి మేలు కోసం గొలుసు తీసిన నర్సు చేసేది ప్రేమగల పని. సిలువ చెప్పేదీ ప్రేమ గురించే.

ఇక మీ ముందున్న దారులు. ఇప్పటిలాగే పైకి కనబడేట్టు వేసుకోవచ్చు. అందులో తప్పేమీ లేదు. కానీ గొడవ కొంతకాలం సాగుతుంది. దాన్ని తట్టుకోవడానికి మీ వారు మీ పక్కన నిలబడాలి. ఇంకో ప్రమాదం కూడా ఉంది. అత్తగారి మీద పంతంతో వేసుకోవడం మొదలైతే, అమ్మ జ్ఞాపకం పోయి అది జెండా అయిపోతుంది. అలా అవుతోందో లేదో మీకే తెలుస్తుంది, అత్తగారు గదిలోకి రాగానే మీ చెయ్యి గొలుసును సర్దుతోందేమో గమనించుకోండి.

జాకెట్టు లోపలికి వేసుకోవచ్చు, మక్రీనాలాగా. ఇంట్లో రాపిడి చాలా తగ్గుతుంది. అయితే మీ వారికి తెలిసే జరగాలి. అత్తగారు అడిగితే అబద్ధం చెప్పకూడదు. దొంగతనంగా దాచుకుంటున్నానన్న భావన వస్తే ఈ దారి మీకు పనికిరాదు, లోలోపల కోపం పేరుకుంటుంది.

మెడలోంచి తీసి, మీ బైబిల్లోనో, ప్రార్థన చేసుకునే చోటో, బ్యాగులోనో పెట్టుకోవచ్చు. నర్సుగా మీకు సగం రోజు ఎలాగూ జేబులోనే ఉంటోంది. అత్తగారికి కొంత ఊరట దొరుకుతుంది. కాకపోతే భయం అక్కడికీ వెంట వస్తుంది, ఉందా లేదా అని మాటిమాటికీ జేబు తడుముకోవడం మొదలవుతుంది. అది గమనిస్తే అసలు సంగతి మెడ కాదు, మనసు అని తెలుస్తుంది.

లేదా కొన్ని వారాలపాటు మీ అంతట మీరే పక్కన పెట్టవచ్చు. ఈస్టరుకు ముందు వచ్చే లెంటు దినాల్లో ఏదో ఒకటి మానుకోవడం మీకు చిన్నప్పటినుంచీ తెలిసినదే. ఇది కష్టమైనది, కానీ మీ ప్రశ్నకు సూటిగా జవాబు దొరికేది ఇందులోనే. మొదటి రోజులు బాధగా ఉంటాయి. తర్వాత ఏ కీడూ జరగలేదని మనసుకు అర్థమవుతుంది, మళ్లీ వేసుకున్నప్పుడు అది అమ్మ సిలువగానే ఉంటుంది. అయితే ఒత్తిడికి లొంగి తీస్తే ఇదేదీ జరగదు. ఎవరో లాక్కున్నట్టు ఉంటుంది, అమ్మ రెండోసారి పోయినట్టు ఉంటుంది. కాబట్టి ఎప్పుడు తీస్తారో, ఎప్పుడు వేసుకుంటారో మీ వారికి ముందే చెప్పండి. ఇది మీ ఓటమి కాదు, అత్తగారి గెలుపూ కాదు అని ఆయన ఇంట్లో చెప్పగలగాలి.

నన్నడిగితే ముందు లోపల వేసుకుని, గుండె కాస్త కుదుటపడ్డాక నాలుగోది ఆలోచించమంటాను. కానీ మీ ఇంటి గాలి మీకు తెలిసినట్టు నాకు తెలియదు. ఏది చేసినా దాన్ని పారేయడానికో, నాశనం చేయడానికో ఎవరి చేతికీ ఇవ్వకండి. అలా అడిగినవారికి "అది మా అమ్మది" అని చెప్పే హక్కు మీకుంది.

పాస్టర్ గారితో మీ వారితో కలిసి విడిగా మాట్లాడండి. ధరించడం తప్పా, నమ్మకం పెట్టుకోవడం తప్పా అని సూటిగా అడగండి. రోమా పత్రిక 14వ అధ్యాయం ముందుంచండి. తినే విషయంలో, దినాల విషయంలో విశ్వాసుల మధ్య తేడాలుంటే ఒకరినొకరు తీర్పు తీర్చకూడదని పౌలు అక్కడ అన్నాడు. అదే అధ్యాయంలో, నీ స్వేచ్ఛ వల్ల నీ సహోదరుడికి ఆటంకం కలగకుండా చూసుకో అని కూడా ఉంది. పాస్టర్ గారు మొదటి మాట విని, మీరు రెండో మాట వింటే సంభాషణ బాగా జరుగుతుంది. ఆయన ఏమీ వినకుండా తీర్పు చెప్పేస్తే ఆ సంఘంలో మీకు ఎంత చోటుందో కూడా అప్పుడే తెలుస్తుంది. అది బాధాకరమే, కానీ తెలియాల్సిన సంగతి.

చేతుల వణుకు డ్యూటీకి అడ్డం వస్తున్నా, నిద్ర పట్టకపోయినా, ఆలస్యం చేయకుండా కౌన్సిలర్ని కలవండి. ప్రార్థన చేస్తున్నాం కదా అని ఆగకండి. మీ దగ్గరికి వచ్చే రోగులకు మీరు చెప్పేదే మీకూ వర్తిస్తుంది.

పాప సంగతి చివరికి ఉంచాను గానీ ముందు చేయాల్సింది అదే. "దేవుడికి కోపం వస్తుంది" అన్న మాట ఆ పిల్ల మనసులో నాటుకోకముందే మాట్లాడండి. నానమ్మను తప్పుపట్టకుండా చెప్పవచ్చు: "నానమ్మకు దేవుడంటే చాలా ప్రేమ, ఆయన స్థానంలో ఇంకేదీ ఉండకూడదని ఆమె అలా అంది. ఈ సిలువ దేవుడు కాదు, ఇది లేకపోయినా దేవుడు మనతో ఉంటాడు. అమ్మమ్మ దీన్ని పట్టుకుని ఆయనతో మాట్లాడేది." అమ్మమ్మ ఏమని ప్రార్థించేదో, ఎవరెవరి పేర్లు చెప్పేదో మీకు గుర్తుంటే అవి చెప్పండి. సిలువ మాత్రం ఇప్పుడే ఇవ్వకండి. ఇంట్లో పెద్దల మధ్య గొడవగా ఉన్న వస్తువు పదేళ్ల పిల్ల మెడలో పడితే ఆ గొడవంతా ఆ పిల్ల మీద పడుతుంది. పెద్దయ్యాక ఇస్తానని మాటివ్వండి. ఆ మాట మీ వారు కూడా పక్కనుండగా ఇవ్వండి.